మాంచెస్టర్ వెళ్లాక కూడా మలేరియా తిరగబెడుతుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. వయసు 29. మా ఆయన ఇంగ్లండ్ మనిషి, మాంచెస్టర్‌లో ఉంటారు. వీసా రాగానే నేనూ వెళ్తాను. పోయిన జులైలో వైవాక్స్ మలేరియా వచ్చింది. మూడు రోజుల మందు వాడాను. పద్నాలుగు రోజులు వేసుకోమన్న ప్రైమాక్విన్ మాత్రలు మాత్రం కడుపులో తిప్పుతోందని నాలుగో రోజే మానేశాను. అక్టోబరులో మళ్లీ చలిజ్వరం. చిన్నప్పుడు స్కూల్లో రక్తం చూసి సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) పాజిటివ్ అన్నారు. ఇవేవీ ఆయనకు చెప్పొద్దని అమ్మ అంటోంది. అక్కడ మలేరియా లేదు కదా, ఇక భయం లేనట్టేనా?

జవాబు: అక్కడ మలేరియా అంటుకోదమ్మా, నిజమే. కానీ మీకు కొత్తగా దోమ కుట్టాల్సిన పనే లేదు. వైవాక్స్ క్రిములు కొన్ని కాలేయంలో దాక్కుంటాయి. వారాలకో, నెలలకో, ఒక్కోసారి ఏడాది దాటాకో మళ్లీ రక్తంలోకి వస్తాయి. మూడు రోజుల మందు రక్తంలో ఉన్నవాటికే పనిచేస్తుంది. కాలేయంలో ఉన్నవాటికి మందు, మీరు మానేసిన ఆ ప్రైమాక్వినే. అక్టోబరు జ్వరం మళ్లీ దోమ కుట్టి వచ్చింది కూడా కావచ్చు, మీ రాయగడ జిల్లాలో అది వింతేం కాదు. నా అనుమానం మాత్రం వదిలేసిన ఆ పది రోజుల మీదే.

విమానం ఎక్కేలోపే దీని సంగతి తేల్చుకోండి. ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ ఎంతుందో చూసే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్లకు ప్రైమాక్విన్‌తో ఎర్రరక్తకణాలు చితికిపోతాయి. గర్భం ఉంటే ఆ మందు అసలు వాడకూడదు. రెండూ చూసుకున్నాక డాక్టరు మళ్లీ కోర్సు రాస్తే అన్నం తిన్నాకే వేసుకోండి, వికారం చాలావరకు తగ్గుతుంది. మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

మీ ఊళ్లో చలిజ్వరం అనగానే ఆశా కార్యకర్త కూడా వేలు పొడిచి చూస్తుంది. మాంచెస్టర్‌లో అదే జ్వరాన్ని ఫ్లూ అనుకునే వీలుంది. అందుకే జ్వరం వస్తే అదే రోజు వైద్య సహాయం తీసుకోండి, ఎటు వెళ్లాలో తెలియకపోతే అక్కడి వైద్య సలహా నంబరు 111కు ఫోన్ చేయండి. ‘మలేరియా ఉన్న జిల్లా నుంచి వచ్చాను, ఇంతకుముందు వచ్చింది’ అని మీరే మొదట చెప్పండి. ఒకసారి నెగెటివ్ వస్తే సరిపోదు, పరీక్ష మళ్లీ చేయమనండి. పాత రిపోర్టులు ఒడియాలో ఉంటే, మందుల పేర్లు, తేదీలు ఇంగ్లీషులో రాయించుకుని దగ్గర పెట్టుకోండి.

ఇక సికిల్. స్కూల్లో చేసే పరీక్షతో మీరు క్యారియరో (ఆ జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లు), జబ్బు ఉన్న మనిషో తేలదు. హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది. 29 ఏళ్ల దాకా ఒళ్లునొప్పులు, కామెర్లు లేకుండా గడిచిందంటే క్యారియర్ కావడానికే అవకాశం ఎక్కువ. క్యారియర్ అంటే రోగి కాదు. అయితే మీ ఆయన కూడా క్యారియరైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఆయన బీటా తలసేమియా అనే మరో వంశపారంపర్య రక్తపు జబ్బుకు క్యారియరైనా ప్రమాదమే. తెల్లవాళ్లకు ఇవి ఉండవనుకోవద్దు, మధ్యధరా ప్రాంతపు కుటుంబాల్లో ఉంటాయి.

అమ్మగారి భయం నాకు అర్థమవుతోంది. మన వైపు సికిల్ అనే మాట వినబడితే సంబంధాలు తప్పిపోతాయి. కానీ మీకు పెళ్లయిపోయింది. రేపు గర్భం వస్తే అక్కడి ఆస్పత్రిలో మొదటి వారాల్లోనే మీకు ఈ పరీక్ష చేస్తామంటారు, క్యారియర్ అని తేలితే ఆయన్నీ పిలుస్తారు. ఆ రోజు నర్సు నోటి నుంచి వినేకన్నా ఇప్పుడు మీ నోటి నుంచి వింటేనే నయం.

వీసాకు టీబీ ఎక్స్‌రే కూడా అడుగుతారు. బ్రిటన్ ప్రభుత్వం గుర్తించిన క్లినిక్‌లోనే తీయించాలి. సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా వద్దు.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఏళ్ల తరబడి మలేరియా మధ్య పెరిగిన ఒంటికి ఉండే కాస్త తట్టుకునే శక్తి, దూరంగా ఉంటే తగ్గిపోతుంది. ఎప్పుడైనా ఇద్దరూ కలిసి గుణుపురం వస్తే మలేరియా రాకుండా వేసుకునే మాత్రల గురించి బయల్దేరే ముందే మాంచెస్టర్‌లోని డాక్టరును అడగండి. అల్లుడుగారికే కాదు, మీకూ కావాలి.