నీ అధ్యయన ఫలితాలను కుటుంబాలకు చెప్పబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

రోగులను పక్కకు తిప్పుతూ పడక పుండ్లను నివారించడంపై నువ్వు రాసిన పరిశోధన పత్రాన్ని జర్నల్ వారు అంగీకరించారని తెలిసి సంతోషించాను. మంచం పట్టిన వారిని ఇంట్లో చూసుకునే కుటుంబాల దాకా ఆ ఫలితాలను ఎలా చేర్చాలని అడిగావు.

ముందుగా తెలియవలసింది అధ్యయనంలో పాల్గొన్న రోగులకు, వారి బంధువులకు, రాత్రి డ్యూటీల్లో నీ కోసం వివరాలు నమోదు చేసిన నర్సులకు. కోరుకున్న వారికి ఫలితాలు తెలుసుకునే వీలు ఉండాలని వైద్య పరిశోధనల నీతి నియమాలు చెప్పే హెల్సింకీ ప్రకటన కూడా చెబుతోంది. తమ శరీరాల సంగతిని వారు వార్తాపత్రికలో చదివి తెలుసుకోవడం మర్యాద కాదు. పైగా నీ రాతలో అర్థం కాని చోటును అందరికంటే ముందు పట్టుకునేది వాళ్లే.

అంకెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1995లో బ్రిటన్‌లో కొన్ని కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరిక వెలువడింది. సుమారు 7,000 మందిలో ఒకరికి ఉన్న ముప్పు ఇద్దరికి పెరిగిందన్నది అసలు సంగతి కాగా, జనం చెవిన పడింది మాత్రం ‘రెట్టింపు’ అన్న మాటే. భయపడి ఎందరో మాత్రలు మానేశారు. దాంతో అనుకోని గర్భాలు వచ్చి, మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో చేయించుకున్న అబార్షన్లు దాదాపు 13,000 పెరిగాయి. కాబట్టి నువ్వు కూడా ‘సగానికి తగ్గాయి’ అని ఊరుకోకుండా, ఎందరిలో ఎందరికి పుండ్లు పడ్డాయో, పక్కకు తిప్పడం మొదలుపెట్టాక ఎందరికి పడ్డాయో రెండూ పక్కపక్కనే రాయి. నువ్వు చూసింది ఆసుపత్రి పరుపుల మీది రోగులనే గనుక, ఇంటి మంచానికి అదే ఫలితం వస్తుందని మాట ఇవ్వకు.

బొమ్మలు తప్పక వాడు. క్రిమియా యుద్ధంలో సైనికులను గాయాలకంటే నివారించదగిన జబ్బులే ఎక్కువగా చంపాయని 1858లో నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ రంగుల రేఖాచిత్రం గీసి చూపింది. అంకెల పట్టికలు చదవని పాలకులకు అది సులభంగా అర్థమయ్యేది. అయితే పాఠ్యపుస్తకాల్లోని ఫోటోలను ఎత్తి పెట్టకు, వాటిలో ఎక్కువ భాగం తెల్లటి చర్మానివే. నొక్కినా పోని ఎరుపు తొలి గుర్తని చెబుతాం గానీ, నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కనబడకపోవచ్చు. అక్కడ వేడి, గట్టిదనం, నొప్పి ఉన్నాయేమో చేత్తో తాకి చూడాలనీ, ఆ చోటును రుద్దకూడదనీ స్పష్టంగా రాయాలి. మడమలు, తుంటి, నడుము కింది ఎముక ఉన్న చోట్లను గీతబొమ్మలో గుర్తిస్తే చాలు. రోగి ఫోటో అయితే ఆ వాడకానికి విడిగా అనుమతి తీసుకో.

విలేకరులతో మాట్లాడే ముందు, ఎప్పటి నుంచి చెప్పవచ్చో జర్నల్ సంపాదకులను అడుగు. విలేకరులకు ఒక్క పేజీ మించకుండా రాసి ఇచ్చి, అంకెలను మాత్రం అచ్చుకు ముందు ఒకసారి చదివి వినిపించమని కోరు. ఆ పేజీని వైద్యంతో సంబంధం లేని ఒకరి చేత చదివించి, ‘రేపు ఉదయం మీరేం చేస్తారు?’ అని అడుగు. వారి జవాబు నీ ఫలితంతో సరిపోలేదంటే, ఏ వాక్యం దగ్గర దారి తప్పారో చూసి దాన్ని తిరగరాయి. ఆ తర్వాతి ప్రతిని నాకు పంపు.