నారుమడి చూసి పంట చెప్పొచ్చా?

ఈసారి వచ్చిన నాలుగు ఉత్తరాలూ బేస్‌బాల్ కుర్రాళ్ళ గురించే. ఒకదాని జవాబు ఇంకోదానికి పనికొస్తుంది కాబట్టి అన్నీ ఒకేచోట పెడుతున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మావాడికి పన్నెండేళ్ళు, బేస్‌బాల్ అంటే ప్రాణం. మేజర్ లీగ్ టీమ్ టెక్సాస్ రేంజర్స్ వాళ్ళ డబుల్-ఏ (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద) టీమ్ రఫ్‌రైడర్స్ మా ఊళ్ళోనే ఆడతారు కదా, వేసవంతా అక్కడే. ఈమధ్య నెట్‌లో ఫార్మ్ సిస్టమ్ (మేజర్ లీగ్ టీమ్ తన కుర్రాళ్ళని పెంచే మైనర్ టీమ్‌ల వరస) ర్యాంకులు చూసి, "నాన్నా, మనవాళ్ళు కిందికి పోయారు" అని తెగ దిగులు పడుతున్నాడు. అసలు ఒక టీమ్ దగ్గరున్న కుర్రాళ్ళు ఇంకో టీమ్ కుర్రాళ్ళ కన్నా మెరుగని ఎలా తేలుస్తారు? ఆ ర్యాంకుల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

జవాబు: ముందు మీ అబ్బాయి దిగులు తీరుద్దాం. ర్యాంకు పడిపోతే ప్రతిసారీ చెడు జరిగినట్టు కాదండీ. నారుమడి ఖాళీ అయిందంటే నారు ఎండిపోయి ఉండొచ్చు, లేదా పీకి పొలంలో నాటేసి ఉండొచ్చు, గట్టు మీద నుంచి చూసేవాడికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. 2024 మొదట్లో రేంజర్స్ కుర్రాళ్ళు ఇవాన్ కార్టర్, వయట్ లాంగ్‌ఫర్డ్ ఇద్దరూ ప్రాస్పెక్ట్ (రేపు పైకొస్తాడని ఆశపెట్టుకున్న కుర్రాడు) జాబితాల్లో పై వరసలో ఉన్నారు. మేజర్ లీగ్‌లో 130 ఎట్-బ్యాట్స్ (బ్యాటింగ్ అవకాశాలు) దాటిన బ్యాటర్‌ని, 50 ఇన్నింగ్స్ దాటిన పిచర్‌ని (బంతి వేసేవాణ్ని) ఆ జాబితాల్లోంచి తీసేస్తారు. ఆ ఏడాది ముగిసేసరికి ఇద్దరూ ఆ గీత దాటారు, రేంజర్స్ సిస్టమ్‌లోంచి రెండు పెద్ద పేర్లు పోయాయి. వాళ్ళు వెళ్ళింది ఎక్కడికి? రేంజర్స్ టీమ్‌లోకే కదా. అంచేత ర్యాంకు చూసిన ప్రతిసారీ, తగ్గిన పేర్లు ఎటు పోయాయో కూడా చూడమనండి. పై టీమ్‌కి ఎక్కారా, ట్రేడ్‌లో ఇచ్చేశారా, గాయాలతో వెనకబడ్డారా అన్నది తెలిస్తేనే ఆ అంకెకి అర్థం.

ఇక ఎలా తేలుస్తారన్నది. ఫ్రిస్కోలో హోమ్‌ప్లేట్ వెనక సీట్లలో ఒకసారి నా ముందు వరసలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్ళో రాడార్ గన్, చేతిలో స్టాప్‌వాచ్. అవుట్‌ఫీల్డ్ అవతల ఉన్న కొలనులో జనం గాలి ట్యూబుల మీద తేలుతూ కేరింతలు కొడుతుంటే ఈయన ఒక్కసారి కూడా అటు తల తిప్పలేదు. బంతి బ్యాట్‌కి తగిలిన క్షణాన వాచ్ నొక్కడం, కుర్రాడి కాలు ఫస్ట్ బేస్ మీద పడగానే ఆపడం, చిన్న పుస్తకంలో అంకె రాసుకోవడం, అంతే. ఆ దూరం 90 అడుగులు, కుడిచేతి బ్యాటర్ 4.3 సెకన్లలో చేరితే సగటు పరుగు కింద లెక్క. సగటుకి 50 మార్కులు వేస్తారు. స్కౌట్ల (కుర్రాళ్ళ ఆట చూసి అంచనా వేసేవాళ్ళ) కొలబద్ద 20 నుంచి 80 దాకా ఉంటుంది, 50 అంటే మేజర్ లీగ్ సగటు. బంతిని కొట్టడం, కొట్టుడులో బలం, పరుగు, ఫీల్డింగ్, విసురు, ఈ అయిదింటికీ విడివిడిగా మార్కులు పడతాయి, వాటి మీద ఆ కుర్రాడు పెద్దయ్యాక ఎంతటివాడవుతాడని ఒక మొత్తం అంచనా. టీమ్‌లో ఉన్న కుర్రాళ్ళందరి అంచనాలూ కలిపి చూస్తే సిస్టమ్ బలం వస్తుంది. 30 టీమ్‌లకీ ట్రిపుల్-ఏ నుంచి సింగిల్-ఏ దాకా నాలుగేసి మైనర్ టీమ్‌లున్నాయి, అంటే 120, వాటి కింద అరిజోనా, ఫ్లోరిడా, డొమినికన్ రిపబ్లిక్‌లలో ఇంకా పసివాళ్ళు ఆడే లీగ్‌లు. ఇంతమందిని ఏ ఒక్కరూ కళ్ళారా చూడలేరు, అందుకే ఇద్దరు రాసిన జాబితాలు ఎప్పుడూ కలవవు, కలవకపోవడంలో తప్పూ లేదు.

నన్నడిగితే మొదటి ముగ్గురి పేర్లు చూసి ఏ సిస్టమ్‌నీ తూచకూడదు. పేరున్న ముగ్గురు దాదాపు ప్రతి టీమ్‌కీ ఉంటారు. నేను పదిహేనోవాడు ఎవడో చూస్తాను. అక్కడ కూడా రేపు మేజర్ లీగ్‌లో బెంచ్ మీదైనా కూర్చోగల కుర్రాడు ఉన్నాడంటే ఆ టీమ్‌లో పిల్లల్ని వెతికేవాళ్ళూ, నేర్పేవాళ్ళూ పని తెలిసినవాళ్ళన్నమాట. కార్టర్ సంగతే చూడండి. 2020 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే తంతు) రేంజర్స్ అతన్ని రెండో రౌండ్‌లో, 50వ ఎంపికగా తీసుకుంటే చాలామంది బయటి విశ్లేషకుల జాబితాల్లో అతని పేరే లేదు. మూడేళ్ళు దాటేసరికి, 21 ఏళ్ళ వయసులో, 2023 వరల్డ్ సిరీస్ గెలిచిన టీమ్‌లో ఉన్నాడు, ఆ పోస్ట్‌సీజన్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) 9 డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) కొట్టి రికార్డు కూడా పెట్టాడు. అలాంటి ఒక్కడిని పట్టుకున్న స్కౌట్ ఏ ర్యాంకులోనూ కనపడడు, నాకు ఆ బాధ ఎప్పుడూ ఉంటుంది.

వయసు కూడా చూడాలి. డబుల్-ఏలో 19 ఏళ్ళవాడు .260 (వెయ్యి ఎట్-బ్యాట్స్‌కి 260 హిట్ల లెక్కన) కొట్టడం, 25 ఏళ్ళవాడు .300 కొట్టడం కన్నా గొప్ప. మైదానం కూడా అంతే. ట్రిపుల్-ఏలో పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో అల్బుకర్కీ లాంటి ఎత్తైన ఊళ్ళున్నాయి, గాలి పల్చగా ఉండి బంతి ఎగిరిపోతుంది, అక్కడి హోమ్ రన్లు లెక్కపెట్టి సంబరపడిపోకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, బ్యాటర్లెంతమంది, పిచర్లెంతమంది అన్నది. బాల్టిమోర్ ఓరియోల్స్‌ని చూడండి. 2021లో 110 మ్యాచ్‌లు ఓడారు. తర్వాత రెండు మూడేళ్ళు వాళ్ళ సిస్టమే చాలా జాబితాల్లో మొదటిది. ఆడ్లీ రచ్‌మన్, గనర్ హెండర్సన్ వచ్చారు, 2023లో 101 గెలిచారు, ఇక పదేళ్ళు వీళ్ళదే అనుకున్నాం, నేను కూడా అనుకున్నాను. అందరూ ఆకాశానికెత్తిన జాక్సన్ హాలిడే 2024లో పైకి రాగానే 34 ఎట్-బ్యాట్స్‌లో 2 హిట్లతో మళ్ళీ ట్రిపుల్-ఏకి వెళ్ళాల్సొచ్చింది. సరే, అతను తిరిగొచ్చి నిలదొక్కుకున్నాడు. కానీ డ్రాఫ్ట్‌లో పై రౌండ్లలో వాళ్ళు ఎక్కువగా బ్యాటర్లనే తీసుకున్నారు, పిచర్ కావాల్సొస్తే ఇద్దరు కుర్రాళ్ళనిచ్చి కార్బిన్ బర్న్స్‌ని తెచ్చుకున్నారు, ఆయన ఒక్క సీజన్ ఆడి అరిజోనా వెళ్ళిపోయాడు. 2025లో 87 ఓడారు. మొదటి ర్యాంకు తప్పు కాదు, ఆ కుర్రాళ్ళు నిజంగా మంచివాళ్ళే. అయితే మడి నిండా ఒకే పైరు ఉంటే రెండో దానికి సంతకి పోవాల్సిందే, సంతలో ధర మన చేతిలో ఉండదు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. మైనర్ లీగ్ అంటే మన రంజీ లాంటిదేనా?

జవాబు: కాదండీ. రంజీ ఆడే కుర్రాడు హైదరాబాద్ అసోసియేషన్ వాడు, ఐపీఎల్ టీమ్ అతన్ని వేలంలో కొనుక్కుంటుంది, అతన్ని చిన్నప్పట్నుంచీ పెంచింది ఆ టీమ్ కాదు. అక్కడ అలా కాదు. ఫ్రిస్కోలో ఆడే కుర్రాడికి జీతమిచ్చేది రేంజర్సే, కోచ్‌ని పెట్టేదీ, ఏ పిచ్ నేర్పాలో చెప్పేదీ రేంజర్సే. ఈ పద్ధతిని 1920ల్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో బ్రాంచ్ రికీ పెంచి పెద్దచేశాడు. అందుకే అక్కడ సిస్టమ్‌లని పోల్చడం కుదురుతుంది, రంజీలో ఆ పోలికకి చోటు లేదు. జీతాల మాట కూడా చెప్పాలి. 2023 దాకా ట్రిపుల్-ఏ ఆటగాడికి ఏడాదికి కనీసం 17,500 డాలర్లే, యూనియన్ వచ్చాక 35,800 అయింది. కడుపునిండా తినని కుర్రాడి దగ్గర ఎంత ప్రతిభ ఉంటే ఏం లాభం, ఈ మార్పు ఎప్పుడో రావాల్సింది.

ప్రశ్న: పిచర్ కుమార్ రాకర్‌కి మన దేశంతో చుట్టరికం ఉందంటారు, నిజమేనా? అంత పేరున్నవాడు ఇంకా ఎందుకు నిలదొక్కుకోలేదు?

జవాబు: నిజమే. తల్లి వైపు అమ్మమ్మా తాతయ్యా ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. కుమార్ 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రయికవుట్లతో నో-హిటర్ (ఎదుటి టీమ్‌కి ఒక్క హిట్టూ ఇవ్వని మ్యాచ్) వేశాడు. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో ఎంపికగా తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. మరుసటేడు రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకున్నారు. 2023లో మోచేతికి సర్జరీ. 2024 సెప్టెంబర్‌లో మేజర్స్‌కి వచ్చాడు, 2025 సరిగా సాగక మధ్యలో కిందికి పంపారు. అతనితో వాండర్‌బిల్ట్‌లో కలిసి ఆడిన జాక్ లైటర్ 2021లో రెండో ఎంపిక, ఫ్రిస్కోలో మొదటి ఏడాది బాగా దెబ్బతిన్నాడు, అయినా 2025లో రేంజర్స్ రొటేషన్‌లో (వంతులవారీగా మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ల వరసలో) క్రమం తప్పకుండా వేశాడు. ఇద్దరూ ఒకే కాలేజీ, ఒకే టీమ్, దారులు మాత్రం వేరు. "పిచింగ్ ప్రాస్పెక్ట్ అనేవాడే లేడు" అని అక్కడ ఒక మాట ఉంది, అది మరీ పెద్ద మాట కానీ సిస్టమ్‌లని పోల్చేటప్పుడు పిచర్ల అంచనాలోంచి కొంత తగ్గించుకునే చూడాలి. కుమార్ మళ్ళీ నిలబడాలని మాత్రం నాకు గట్టిగా ఉంది.

ప్రశ్న: కొన్నాళ్ళు ఓడిపోతే డ్రాఫ్ట్‌లో ముందు ఎంపికలొచ్చి మంచి కుర్రాళ్ళు దొరుకుతారు కదా, అదే దగ్గరి దారి కాదా?

జవాబు: హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ని చూసి చాలామంది అలాగే అనుకున్నారు. 2011 నుంచి మూడేళ్ళలో 324 మ్యాచ్‌లు ఓడి 2017లో వరల్డ్ సిరీస్ గెలిచారు, ఆ గెలుపు మీద ఎదుటి టీమ్ క్యాచర్ సంకేతాలు దొంగిలించిన మచ్చ తర్వాత బయటపడింది. ఓటముల వల్ల వచ్చిన మొదటి ఎంపికల్లో కార్లోస్ కొరియా ఫలించాడు. 2013 మొదటి ఎంపిక మార్క్ అపెల్‌కి 63.5 లక్షల డాలర్లిచ్చారు, అతను మేజర్స్‌లో అడుగుపెట్టింది 2022లో, ఫిలడెల్ఫియా తరఫున. మరి ఆ టీమ్‌కి గుండెకాయ అయిన హోసే అల్టూవే? ఓటముల కాలం కన్నా ముందే వెనిజువెలా నుంచి 15,000 డాలర్లకి వచ్చాడు.

పైగా ఇప్పుడు ముందు ఎంపికలు ఎవరికన్నదానికి లాటరీ పెట్టారు. 2022లో అందరికన్నా ఎక్కువ ఓడింది వాషింగ్టన్, మొదటి ఎంపిక వెళ్ళింది పిట్స్‌బర్గ్‌కి. వాళ్ళు పిచర్ పాల్ స్కీన్స్‌ని తీసుకున్నారు. 2024లో అతను రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు), 2025లో సై యంగ్ అవార్డు (ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది). ఆ రెండు సీజన్లూ పిట్స్‌బర్గ్ తన డివిజన్‌లో ఆఖరి స్థానంలోనే ఉంది.