పనిలో దెబ్బతిన్న ఆత్మవిశ్వాసం మళ్లీ ఎలా వస్తుంది?

ఏడాది చివరి సమీక్షలో పై అధికారి నలుగురి ముందు కఠినంగా మాట్లాడిన నాటి నుంచి సమావేశాల్లో నోరు విప్పలేకపోతున్నానని, ఆ బెరుకు ఇంటికీ పాకి చిన్న ఫోను చేయడానికే వెనకాడుతున్నానని, ముందుగా ఆత్మవిశ్వాసం పెంచుకుని ఆ తర్వాతే కొత్త బాధ్యతలు అడుగుదామనుకుంటున్నానని మీరు రాశారు. ఆ వరుస తలకిందులైందని నా గట్టి అభిప్రాయం. ధైర్యం కూడగట్టుకున్నాక పనిలోకి దిగుదామని ఆగినవారికి ధైర్యం రావడం నేనెక్కడా చూడలేదు. పని చేస్తూ పోతుంటేనే అది వెనకాల వచ్చి చేరుతుంది.

నేను పనిచేసిన ఒక సంస్థ ఖర్చు తగ్గించుకునే పేరుతో ఒకేసారి చాలామందిని తొలగించినప్పుడు ఆ జాబితాలో నా పేరూ ఉంది. నా పనితనానికి దానితో సంబంధం లేదని తెలిసినా, చాలా విరామం తర్వాత మరోచోట చేరేసరికి లోపల ఏదో సడలిపోయింది. సమావేశం మొదలవుతుందనగా అరచేతులు చెమర్చేవి. చెప్పవలసిన మాటను మనసులో కూర్చుకుంటూ ఉండగానే చర్చ మరో అంశం మీదికి వెళ్లిపోయేది. మా బృందంలో అనుభవజ్ఞురాలైన పెద్దావిడ ఒకరు ఇది గమనించారు. ఉపదేశమేమీ చేయకుండా, వారం వారం జరిగే సమావేశం మొదట్లో పెండింగు పనుల పట్టికను చదివి వినిపించే పనిని ఆవిడ నాకు అప్పగించారు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదవడమే కాబట్టి తప్పిపోవడానికి అందులో ఏమీ లేదు. అయినా అంతమందిలో నా గొంతు నా చెవినపడటానికి నేను అలవాటు పడ్డాను. కొన్నాళ్లకు ఆవిడ, "ఊరికే చదవడం కాదు, ఏ పని ఎందుకు ఆగిందో కూడా ఒక్క ముక్క చెప్పండి" అన్నారు. ఆ ఒక్క ముక్క కోసం ముందురోజే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మాట్లాడవలసి వచ్చింది. ఆ తర్వాత ఎవరైనా ప్రశ్న వేస్తే నా వైపు చూపించి తాను మౌనంగా ఉండిపోయేవారు.

ఒకరోజు ఆవిడ సెలవులో ఉన్నప్పుడు, మేము సరుకు పంపే ఖాతాదారు సంస్థ అధికారి వచ్చి, మా లెక్కకూ తమ లెక్కకూ పొంతన లేదని గొంతు పెంచి నన్నే నిలదీశారు. గదిలో ఉన్న మిగతావారు కాగితాల్లోకి తల వంచేశారు. "రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసి సాయంత్రంలోగా చెబుతానండీ" అన్నాను. గొంతు వణికినా మాట మధ్యలో ఆగలేదు. కూర్చుని వరుసవారీగా సరిచూస్తే, మేము సరుకు బయలుదేరిన తేదీ ప్రకారం, వారు అది చేరిన తేదీ ప్రకారం లెక్క రాస్తున్నామని తేలింది. నెలాఖరున దారిలో ఉన్న సరుకే ఆ తేడా అంతా. ఫోను చేసి ఆ సంగతి వివరించగానే ఆయన మెత్తబడి, ఇకపై రెండు తేదీలూ పట్టికలో వేయమన్నారు. నలుగురిలో నిలదీసినా నేను నిలబడగలనన్న సంగతి ఆ రోజు నాకు ప్రత్యక్షంగా తెలిసింది. అలా తెలిసినదాన్ని ఆ తర్వాత ఏ అధికారి మాటా చెరపలేకపోయింది.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రచురించిన వ్యాసంలో చెప్పినదీ ఇదే. ఒక పని చేయగలనన్న నమ్మకం స్వయంగా చేసి నెగ్గడం వల్ల, తనలాంటివారు నెగ్గడం చూడటం వల్ల, ఇతరుల ప్రోత్సాహం వల్ల, ఆ క్షణంలో శరీరం ఇచ్చే సంకేతాల వల్ల కలుగుతుందని, వీటన్నిటిలో స్వయంగా నెగ్గిన అనుభవమే బలమైనదని ఆయన వివరించారు. పామంటే విపరీతంగా భయపడేవారితో ఆయన బృందం చేసిన ప్రయోగాల్లో, మరొకరు పామును పట్టుకోవడం చూసి ఊరుకున్నవారి కంటే, పక్కన ఒకరు తోడుండగా మెల్లమెల్లగా తామే దగ్గరికి వెళ్లి ముట్టుకున్నవారిలో భయం ఎక్కువగా తగ్గింది. ఆ పెద్దావిడ బండూరా పేరు విన్నారో లేదో నేనెన్నడూ అడగలేదు గానీ, ఆవిడ నా విషయంలో చేసింది అచ్చంగా అదే.

అందుకే ఆత్మవిశ్వాసం పేరిట కార్యాలయాల్లో జరిపే ఒక్కరోజు శిక్షణల మీద నాకు కోపం. వేదికెక్కిన వక్త అందరినీ లేచి నిలబడమని, "నేను గొప్పవాణ్ని, నేను సాధిస్తాను" అని గట్టిగా అనిపిస్తారు. హాలు మారుమోగుతుంది, మర్నాటికి ఎవరి బెరుకు వారి దగ్గరే ఉంటుంది. జోయాన్ వుడ్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తమపై తమకు గౌరవం తక్కువగా ఉన్నవారు తమను పొగుడుకునే వాక్యాన్ని పదే పదే చెప్పుకున్నప్పుడు వారి మనసు మరింత కుంగిందని తేలింది. లోపలి మనిషి నమ్మని మాటను నోటితో పలికిస్తే, లోపలి నుంచి వెంటనే ఎదురు జవాబు వస్తుంది. ఈ శిక్షణలు అవసరం ఎక్కువగా ఉన్నవారికే ఎక్కువ హాని చేస్తున్నాయని నేను నమ్ముతున్నాను.

మీరు బలహీనులైపోయారన్న మాట కూడా నేను ఒప్పుకోను. తప్పించుకోలేని విద్యుదాఘాతాలకు గురైన కుక్కలు, తర్వాత తప్పించుకునే వీలున్నా కదలకుండా పడి ఉండటాన్ని మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ 1967లో నివేదించి, ఆ నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని వాదించారు. దాదాపు 50 ఏళ్ల తర్వాత, 2016లో, మెదడుపై జరిగిన పరిశోధనల ఆధారంగా వారిద్దరే తమ సిద్ధాంతాన్ని సవరించుకున్నారు. దెబ్బ మీద దెబ్బ తగిలినప్పుడు ముడుచుకుపోవడం సహజ స్పందనేనని, పరిస్థితి మన చేతిలో ఉందన్న ఎరుకే నేర్చుకోవలసినదని వారి తాజా వాదన. మీ మౌనం ఆ సహజ స్పందనే కాబట్టి దానికి సిగ్గుపడనక్కరలేదు. ఏదో ఒక చిన్న పని మీ చేతిలో ఉందని మీకు మీరు మళ్లీ చూపించుకుంటే చాలు.

ఇంటి విషయంలోనూ అంతే. రెండు మాటల్లో ముగిసే ఫోనుతో మొదలుపెట్టండి; అడగవలసిన మొదటి వాక్యాన్ని కాగితం మీద రాసుకోండి. మాట్లాడి పెట్టేసిన తర్వాత ఏం జరుగుతుందని భయపడ్డారో, నిజంగా ఏం జరిగిందో పక్కపక్కన రాయండి. ఎవరికైనా కాదని చెప్పవలసిన పెద్ద సంభాషణలను తర్వాతకు ఉంచండి.

తట్టుకునే శక్తిని మనిషి ఒంటరిగా సంపాదించుకోవాలని చెప్పేవారితో కూడా నాకు పేచీ ఉంది. హవాయిలోని కవాయి ద్వీపంలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు పరిశీలించింది. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల మనోవ్యాధి వంటి అనేక కష్టాల మధ్య పెరిగినవారిలో కూడా దాదాపు మూడో వంతు మంది సమర్థులైన పెద్దలుగా ఎదిగారు. వారి విషయంలో కనిపించిన ముఖ్యమైన అండ, తమను పట్టించుకునే ఒక్క పెద్ద మనిషైనా ఉండటం. నాకు ఆ పెద్దావిడ దొరికారు. మీ కార్యాలయంలో కూడా అలాంటివారు ఒకరు ఉండే అవకాశం ఎక్కువ. అయితే సమావేశంలో ఒక చిన్న అంశం మీకు అప్పగించమని మీరే నోరు తెరిచి అడగాలి.

పదిమంది చేయవలసిన పనిని అందులో సగం మందితో చేయించి, అలసినవారిని "మనోబలం పెంచుకోండి" అని పంపించే సంస్థలు చాలా ఉన్నాయి. అటువంటిచోట ఎంత సాధన చేసినా ఫలితం నిలవదు. కనుక మీ అధికారి మీ ఒక్కరితోనే అలా మాట్లాడారా, అందరితోనూ అంతేనా అన్నది నిదానంగా గమనించండి. అందరితోనూ అంతే అయితే లోపాన్ని మీలో వెతకడం మానేసి, పట్టిక చదవడం, ప్రశ్న వేయడం లాంటి చిన్న పనుల సరసన వేరే విభాగానికి బదిలీ అడగడాన్ని కూడా చేర్చుకుని, ఆ మాట ఎవరితో ఎలా అనాలో ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోండి.