డిగ్రీలో అడ్వాన్స్‌డ్ స్పానిష్ తీసుకోవాలా?

ప్రశ్న: మాది అనంతపురం. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. స్పానిష్ బేసిక్ కోర్సులు అయిపోయాయి. అడ్వాన్స్‌డ్‌లో చేరాలా, ఇక్కడితో ఆపేయాలా?

ముందు సిలబస్ తెప్పించుకుని చూడండి. అడ్వాన్స్‌డ్ అంటే ఎక్కువగా సాహిత్యం, వ్యాసాలు, చర్చలే. గ్రామర్ మళ్లీ మొదటి నుంచి చెప్పరు. సబ్‌జంక్టివ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపాలు) దగ్గర ఇంకా తడబడుతుంటే ఇంటర్మీడియట్‌లో మరో సెమిస్టర్ ఉండటమే నయం, మార్కుల టెన్షన్ కూడా తగ్గుతుంది. మెయిన్ సబ్జెక్టుల్లో బ్యాక్‌లాగ్స్ ఉంటే మాత్రం ఈ ఆలోచనే వాయిదా వేయండి.

ఉద్యోగం కోసమైతే కోర్సు పేరు కన్నా మీ స్థాయిని చూపించే సర్టిఫికెట్‌కే విలువ ఎక్కువ అని నా అభిప్రాయం. ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ అనే స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇచ్చే స్పానిష్ సర్టిఫికెట్ డెలేలో ఏ1 (మొదటి మెట్టు) నుంచి సీ2 (చివరి మెట్టు) దాకా ఆరు స్థాయిలున్నాయి, దానికి గడువు తీరడమంటూ ఉండదు. అనువాదం, క్లయింట్లతో మాట్లాడే పనులకు కనీసం బీ2 పెట్టుకోండి. కాలేజీ కోర్సు మిమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్తుందా అని మేడమ్‌నో సార్‌నో సూటిగా అడగండి.

మాట్లాడే అలవాటు మాత్రం క్లాసులో అంతగా రాదు. ఆ విషయంలో మన ఊరివాళ్లం కాస్త అదృష్టవంతులం. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థను మొదలుపెట్టారు కాబట్టి స్పెయిన్ వాళ్లు అనంతపురానికి కొత్తేం కాదు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు వాలంటీర్ పని ఏమైనా ఉందేమో అక్కడ కనుక్కోండి.