పతకం సంగతి తరువాత, ముందు ఆటల పీరియడ్ సంగతి

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఏడో తరగతి. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ (మెదడు సమస్య వల్ల కదలికలు దెబ్బతినే స్థితి) ఉంది. కాళ్లు బిగుసుకుపోవడం వల్ల వాకర్‌తో నడుస్తుంది. చదువులో చురుకే గాని కొత్తవారి ఎదుట నోరు విప్పదు. ఆటల పీరియడ్‌లో స్నేహితుల వాటర్ బాటిళ్లకు కాపలా కూర్చుంటుంది. పారా అథ్లెట్ దీప్తి జీవాంజిలా పేరు తెచ్చుకుంటుందని, పారా క్రీడల అకాడమీలో చేర్చమని బంధువులు అంటున్నారు. నేను ఎనిమిదో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ రెసిడెన్షియల్‌లో వేద్దామనుకుంటున్నాను. రెండింటిలో ఏది మేలు? – ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: పోల్చి చెప్పమన్నారు, చెబుతాను. అయితే మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు వినిపించిన ప్రశ్న వేరు: ‘మా తరువాత ఈ పిల్ల ఎలా బతుకుతుంది?’ వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఏ కోర్సు పేరు రాసినా అడుగున ఉండేది ఈ భయమే. దానికి ఐఐటీ ఒక మందుగా, పతకం మరొక మందుగా మీకు కనిపిస్తున్నాయి.

ముందు పతకం. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచినది టీ20లో. అది మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగం. మీ అమ్మాయికి ఆ పోలిక వర్తించదు. సదరం వంటి వైకల్య సర్టిఫికెట్‌లోని శాతం పింఛనుకూ రిజర్వేషన్లకూ పనికివస్తుంది గాని, ఏ విభాగంలో ఆడాలన్నది క్రీడల వర్గీకరణ నిపుణులు ఆ ఆటకు అవసరమైన కదలికలను పరీక్షించి నిర్ణయిస్తారు. టోక్యో పారాలింపిక్స్‌లో ఎఫ్52 విభాగం డిస్కస్ త్రోలో కాంస్యం గెలిచిన వినోద్ కుమార్‌ను, పోటీ ముగిశాక ఆ విభాగానికి అర్హుడు కాడని తేల్చి పతకం రద్దు చేశారు. పారిస్‌కు ఇంత పెద్ద దేశం నుంచి వెళ్లినవారు 84 మంది, తెచ్చిన పతకాలు 29. దేశం గర్వించవలసిన లెక్కే, కాదనను. దానిని పన్నెండేళ్ల పిల్లకు బతుకుదెరువు లెక్కగా మార్చడమే నాకు మింగుడుపడదు. నగదు బహుమతుల వార్తలు చూసి అకాడమీల చిరునామాలు అడిగేవారు నా దగ్గరకు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నారు. వారిలో చాలామంది ఆటను ఇంకొక ఎంట్రన్స్ పరీక్షగా చూస్తున్నారు. ర్యాంకు రాకపోతే పిల్ల తానే ఓడిపోయిందనుకుంటుంది.

అలాగని ఆట వద్దనడం లేదు, వెంటనే మొదలుపెట్టమంటున్నాను. మీ అమ్మాయి ఇంతవరకు తన శరీరంతో ఎక్కువగా చేసినది ‘చేయించుకోవడం’. ఫిజియోథెరపీ చేయించుకుంది, స్ప్లింట్లు వేయించుకుంది, బడికి మోయించుకుంది. ఆటలో మొదటిసారి తాను చేస్తుంది. బంతి ఎటు వేయాలో తానే నిర్ణయించుకుంటుంది, గురి తప్పితే ఎందుకు తప్పిందో తానే ఆలోచిస్తుంది, నిన్న మూడు మీటర్లు పడినది ఈ రోజు మూడున్నర పడితే దానికి ఎవరి మెచ్చుకోలూ అక్కరలేదు. ‘నువ్వు చాలా ధైర్యవంతురాలివమ్మా’ అని వెయ్యిసార్లు చెప్పినా రాని నమ్మకం ఆ అర మీటరుతో వస్తుంది, ఎందుకంటే అది జాలితో ఇచ్చినది కాదని పిల్లకు తెలుసు. తనలాగే నడిచే మరో నలుగురు పిల్లలతో కలిసి ఆడినప్పుడు, తన నడక వింతైనది కాదని కూడా తెలుస్తుంది.

జైపూర్‌కు చెందిన అవని లేఖరా 2012లో కారు ప్రమాదంలో నడక కోల్పోయారు. కుంగిపోయిన కూతురి మనసు మళ్లించాలని తండ్రి ఆమెను షూటింగ్ రేంజికి తీసుకువెళ్లారు. టోక్యో స్వర్ణం ఆ తరువాతి మాట. హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీలో శిక్షణ పొంది 2019లో పారా బ్యాడ్మింటన్ ప్రపంచ విజేత అయిన మానసి జోషి, 2011 ప్రమాదంలో కాలు కోల్పోయేనాటికే ఇంజినీరు. చదువా, ఆటా అని తేల్చుకోవలసిన అవసరం ఆమెకు రాలేదు, మీకూ రాదు.

ఇక ఒక కఠినమైన మాట. వాటర్ బాటిళ్ల సంగతిని మీరు ఒక్క వాక్యంలో, అదేదో సహజమైన ఏర్పాటన్నట్టు రాశారు. ఏళ్ల తరబడి రోజూ నలభై నిమిషాలు ‘నీ స్థానం ఇక్కడ, గట్టు మీద’ అని బడి నేర్పుతుంటే, ఇంట్లో మీరు సంచి మోసి, కొత్తవారు పేరు అడిగితే ఆమెకు బదులు మీరే జవాబు చెప్పి, తరువాత ‘పిల్ల నోరు విప్పదు’ అని నాకు రాస్తున్నారు. ప్రేమతోనే చేశారని తెలుసు, అయినా చేసింది పొరపాటే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం, గుర్తింపు పొందిన పాఠశాల చదువుతోపాటు ఆటల్లోనూ ఈ పిల్లలకు ఇతరులతో సమానంగా అవకాశం కల్పించాలి.

రెసిడెన్షియల్ విషయంలో నా సలహా క్లుప్తం: ఇప్పుడు వద్దు. ఉదయం నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టే చోట బిగుసుకునే కాళ్లకు మేలు జరగదు. ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం సీట్లు చట్టం ఇచ్చే ఉంది. రేపు హాస్టల్లో ‘నాకు కింది అంతస్తు గది కావాలి’ అని, పరీక్ష హాల్లో ‘నాకు అదనపు సమయం రావాలి’ అని తానే అడగగలిగితేనే అవి ఆమెకు అక్కరకు వస్తాయి. అది గట్టు మీద కూర్చుంటే అలవడదు.

తుంటి ఎముకలు జారుతున్నాయేమో ఆర్థోపెడిక్ వైద్యుడికి చూపించండి. మూర్ఛలు వస్తుంటే ఈతకు ముందు ఆ మాట తప్పక చెప్పండి. కుర్చీలో కూర్చుని విసిరే ఆటలు, టేబుల్ టెన్నిస్, ఈత అన్నీ చూపించి, ఎంపిక ఆమెకు వదిలేయండి. ఏదీ దొరకకపోతే బోషియా అనే పారా క్రీడ పద్ధతిలో వరండాలో ఒక తెల్ల బంతి వేసి, ఆరు ఎర్రవి ఆమెకు, ఆరు నీలివి మీకు పంచుకుని, ఎవరి బంతి తెల్లదానికి దగ్గరగా పడుతుందో ఆడండి. ఇసుక నింపిన గుడ్డ బంతులు చాలు. కావాలని మాత్రం ఓడిపోకండి, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఈ వారమే పీఈటీ గారిని కలవండి. అమ్మాయిని వెంట తీసుకువెళ్లండి, తనకు ఏ ఆట కావాలో ఆమే చెప్పేదాకా, ఎంత సేపు పట్టినా, మీరు మాట్లాడకండి.