బాబాయి వాటా కోసం మియాపూర్ ఫ్లాట్ తాకట్టా?

మియాపూర్ ఫ్లాట్ అద్దెకిచ్చి, తాను ఉప్పల్‌లో అద్దెకుంటున్న 41 ఏళ్ల ప్రైవేటు ఉద్యోగి అడిగిన ప్రశ్న ఇది. గుంటూరులో తాతగారి స్థలంలో కట్టుకున్న ఉమ్మడి బిల్డింగ్‌లో బాబాయి తన అంతస్తు వాటాను 36 లక్షలకు ఇస్తానంటున్నారు. పంపకాలు కాని వాటాకు బ్యాంకు లోన్ ఇవ్వనంది. అందుకని ఫ్లాట్ మీదున్న 9 లక్షల పాత లోన్ తీర్చి, అదే ఫ్లాట్ తనఖాతో 45 లక్షలు తీసుకోవాలని ఆలోచన. 10 శాతం వడ్డీ, 15 ఏళ్లు. ‘అద్దె ఎలాగూ వస్తోంది కదా, తీసుకోవచ్చా?’ అంటున్నారు.

వద్దండీ. అద్దె వస్తోంది కదా అని అప్పు చేసేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు, అందుకే మీ లెక్క ఇక్కడ విప్పుతున్నాను.

జీతం 92,000, అద్దె 19,000 కలిపి 1,11,000. కొత్త ఈఎంఐ దాదాపు 48,400. మీరు కట్టే ఇంటద్దె 17,000, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు 45,000. మిగిలేది 600 రూపాయలు! ఇది కూడా ఉత్తరం చివర్లో మీరు రాసిన చీటీని కలపకుండా. చెల్లెలి పెళ్లికి పాడేసిన ఆ చీటీకి ఇంకా 14 నెలలు 20,000 చొప్పున కట్టాలి, మధ్యలో మానడానికి లేదు. అంటే మొదటి నెల నుంచే 19,400 లోటు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన నెల అది 38,400 అవుతుంది. చేతిలో ఉన్నదేమో 1.80 లక్షల ఎఫ్‌డీ. రిజిస్ట్రేషన్ ఖర్చే 7.5 శాతం లెక్కన 2.70 లక్షలవుతుంది, ఆ మాటే ఉత్తరంలో లేదు.

ఈఎంఐతో సహా ఆరు నెలల ఖర్చు, అంటే సుమారు 6.60 లక్షలు, చేతిలో లేకుండా ఈ అప్పు జోలికి వెళ్లకండి. ఉద్యోగం పోతే 90 రోజుల బకాయితో ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, ఆపైన బాకీ కట్టమని 60 రోజుల నోటీసు. పోయేది గుంటూరు అంతస్తు కాదు, మియాపూర్ ఫ్లాట్.

ఇక టర్మ్ పాలసీ, అంటే మీరు లేకపోతే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే బీమా, లేదన్నారు. ఇద్దరు పిల్లలుండి 45 లక్షల అప్పుకు సిద్ధపడ్డారు, కోటి రూపాయల కవర్ మాత్రం గుర్తురాలేదా? మీకేమైనా అయితే మీ ఆవిడ ఆ వాటా అమ్ముకోవాలన్నా కష్టమే. అవిభక్త కుటుంబపు నివాస గృహంలో వాటా కొన్న బయటివారికి ఉమ్మడి స్వాధీనం అడిగే హక్కు లేదని ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 44 చెబుతోంది. అలాంటి వాటాను సరైన ధరకు ఎవరు కొంటారు? లోన్‌తో పాటు బ్యాంకు అంటగట్టే పాలసీని చూసి సరిపెట్టుకోకండి. సాధారణంగా అది తీర్చేది బ్యాంకు బాకీనే, ఇంటి ఖర్చులు కాదు. ఆఫీసువాళ్ల ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి.

అంతగా ఆ వాటా కావాలంటే ముందు అంతస్తులవారీగా పంపకాల దస్తావేజు రిజిస్టర్ చేయించమనండి. బాబాయి మాట మీద మీకు నమ్మకం ఉండొచ్చు, ఆయన పిల్లల సంతకాలు కూడా ఉండాలి. పంపకాలయ్యాక ఆ అంతస్తు మీదే లోన్ అడగొచ్చు. ఫ్లాట్ అమ్మి కొనడం ఇంకో దారి. పన్ను ఆదా కోసమైతే, కొత్త పన్ను విధానంలో ఇంటి వడ్డీ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు.

బ్యాంకుకు ప్రాసెసింగ్ ఫీజు చెక్కు ఇంకా ఇవ్వకపోతే, ఇవ్వకండి.