ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసిన డిజైన్ ఎవరిది? రాకపోకల సమయానికి జీతం ఇవ్వాలా?

ప్రశ్న: విజయవాడలో 14 మందితో డిజైన్ స్టూడియో నడుపుతున్నాను. బ్లెండర్, ఇంక్‌స్కేప్, క్రిటా అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడతాం. "ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్‌తో చేసి మాకు అమ్మే హక్కు మీకెక్కడిది?" అంటూ ఒక క్లయింటు బిల్లు ఆపారు. ఇంకోపక్క గుడివాడ, తెనాలి నుంచి రోజూ వచ్చే స్టాఫ్, ప్రయాణ సమయాన్ని డ్యూటీలో కలపమంటున్నారు. చట్టం ఏమంటోంది?

జవాబు: ఆ కారణంతో బిల్లు ఆపడానికి వీల్లేదు. మీరు చెప్పిన మూడూ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుతో వచ్చేవి. సాఫ్ట్‌వేర్‌ను మరొకరికి పంచేటప్పుడే ఆ షరతులు వర్తిస్తాయి. దాంతో గీసిన లోగోకు, చేసిన యానిమేషన్‌కు అవి అంటవు. బ్లెండర్‌కు యాడ్-ఆన్ (అదనపు ప్రోగ్రామ్) రాసి అమ్మితే మాత్రం దాన్ని జీపీఎల్ కిందే ఇవ్వాలి.

అసలు చిక్కంతా ఫాంట్ల దగ్గర, బొమ్మల దగ్గర వస్తుంది. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఓఎఫ్‌ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్స్) కింద వచ్చేవి. డిజైన్‌లో నిరభ్యంతరంగా వాడుకోవచ్చు, ఫాంటును విడిగా అమ్మకూడదంతే. జిప్ ఫైల్లో వచ్చే లైసెన్సు ఫైల్‌ను ఆ పని ఫోల్డర్‌లోనే దాచండి, రేపు ఎవరడిగినా అదే మీ రుజువు. "వ్యక్తిగత వాడకానికి మాత్రమే" అని ఉన్న ఫాంటుతో బట్టల షాపు బోర్డు చేస్తే అది ఉల్లంఘనే. ఎన్‌సీ (వ్యాపారానికి వాడకూడదు) గుర్తున్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఫొటో విషయమూ అంతే. ఏ సిస్టమ్‌లోనైనా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ రోజే తీసేయండి. అది దొంగ కాపీ అని తెలిసి వాడితే, కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి ప్రకారం 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా.

క్లయింటు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: హక్కులు రాసిచ్చారా? వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా స్టాఫ్ చేసిన పనికి కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం మొదటి యజమాని స్టూడియోనే. ఫ్రీలాన్సర్ గీసిన లోగో మాత్రం అతను సంతకం పెట్టి రాసిచ్చేదాకా అతనిదే. ఆ కాగితంలో కాలం రాయకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే చెల్లుతుంది. క్లయింటుకు మీరు రాసిచ్చేదానికీ ఇదే సూత్రం. బిల్లుతో పాటు ఒక పేజీ హక్కుల బదిలీ పత్రం పంపండి.

ఇక రాకపోకలు. ఇంటి నుంచి ఆఫీసుకు పట్టే సమయం పని గంటల్లోకి రాదు, దానికి జీతం ఇవ్వాలన్న నిబంధనా లేదు. ఆఫీసు నుంచి క్లయింటు దగ్గరికి మీరు పంపితే మాత్రం అది పనే, ఆ ఖర్చు మీదే. అపాయింట్‌మెంట్ లెటర్‌లో కన్వేయన్స్ అలవెన్స్ (రాకపోకల భత్యం) అని ఒకసారి రాశాక, డబ్బుకు ఇబ్బందిగా ఉందని ఇష్టమొచ్చినప్పుడు తీసేయడం కుదరదు. చట్టంలోని కార్మికుల నిర్వచనంలోకి వచ్చేవారికైతే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

పీఎఫ్‌ను వేతనం మీదే లెక్కిస్తారు కాబట్టి అదీ చూసుకోండి. కొత్త వేతన కోడ్‌లో కన్వేయన్స్ వేతనం కిందకు రాదు గానీ, వేతనంలోకి రాని ఇలాంటి అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర మళ్లీ వేతనంలో కలుస్తుంది. బేసిక్ 9 వేలు, మిగతా 16 వేలు అలవెన్సులు అని స్లిప్పు కొడితే 3,500 తిరిగి వచ్చి చేరుతుంది, వేతనం 12,500 అవుతుంది.

స్టాఫ్‌కు ప్రయాణ జీతం కన్నా ముందు అవసరమైంది ప్రమాద రక్షణ. దీన్ని వాయిదా వేయవద్దు. 10 మంది దాటారు కాబట్టి ఇఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) మీకు వర్తిస్తుంది, నెలకు 21 వేల లోపు వేతనం ఉన్నవారిని చేర్చాలి. డ్యూటీకి వస్తూ, తిరిగి వెళ్తూ దారిలో జరిగిన ప్రమాదాన్ని, సమయానికీ చోటుకూ ఉద్యోగంతో సంబంధం ఉంటే, పనిలో జరిగిన ప్రమాదంగానే చట్టం చూస్తుంది. తాత్కాలికంగా పనికి రాలేకపోతే రోజువారీ సగటు వేతనంలో 90 శాతం వస్తుంది. సొంత పనిమీద దారి మళ్లినప్పుడు ఆ లంకె తెగిపోతుంది, చాలా క్లెయిములు అక్కడే పోతాయి. హాజరు రికార్డు, షిఫ్టు వేళలు, స్టాఫ్ ఇంటి చిరునామా సరిగ్గా ఉంచండి. గుడివాడలో ఉండే మనిషికి విజయవాడ అద్దె గది చిరునామా ఉంటే, దారినే రుజువు చేయలేరు. 21 వేలు దాటినవారికి గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి.